రహదారి ఎవరిది?

సాయంకాలం ఆరు గంటలు. కార్యాలయాలు, కళాశాలలు, కర్మాగారాలు ఇంచుమించు ఒకే సమయంలో మనుషులను వీధిలోకి పంపుతాయి. కూడలిలో ఎర్రదీపం వెలుగుతుంది. గీత దాటి వచ్చి ఆగిన ద్విచక్ర వాహనాలు, వాటిని ఒరుసుకొంటూ ఆటోలు, ఆ వెనుక కార్ల బారు, అన్నిటికంటే వెనుక కిక్కిరిసిన బస్సు. పచ్చదీపం వెలిగి ఆరేలోగా కూడలి దాటేవి కొన్నే. తక్కినవి నాలుగు బారలు ముందుకు జరిగి మళ్ళీ నిలిచిపోతాయి. వెనుకనుండి హారన్ల మోత మొదలవుతుంది. ముందున్నవాడికి దారి లేదని తెలిసీ మోగించే మోత అది. బస్సు మెట్టు మీద నిలబడిన విద్యార్థి చరవాణిలో గంట చూసుకొంటాడు. లోపల కూర్చున్న ఉద్యోగిని, బడినుండి వచ్చి తాళం వేసిన ఇంటి ముందు కూర్చొని ఉండే బిడ్డను తలచుకొంటుంది. ఎక్కడో వెనుక అంబులెన్సు కూత వినిపిస్తుంది. దారి ఇవ్వాలని అందరికీ ఉంటుంది. ఇవ్వడానికి చోటు మాత్రం ఉండదు.

ఈ దృశ్యం ఏ ఒక్క నగరానిదీ కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, చెన్నై, బెంగళూరు, కోల్‌కతా - ఏ ఊరి పేరు పెట్టి చదువుకొన్నా సరిపోతుంది. దీనిని మనం వానలాగా, ఎండలాగా తప్పనిదిగా భావించి సరిపెట్టుకొంటున్నాం. కాని వాన మన చేతిలో లేదు. వీధి మన చేతిలో ఉంది. వీధిలో ఎవరికి ఎంత చోటు ఇవ్వాలన్నది మనుషులు తీసుకొనే నిర్ణయం. ఒకప్పుడు మన దేశపు పెద్ద నగరాలలో తిరిగి, ఆ తరువాత ఒక్కొక్కటిగా కనుమరుగైన ట్రాము బండి కథ చదివితే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

ముందుగా రద్దీ ప్రయాణం మనిషిని ఎందుకు అంతగా విసిగిస్తుందో చూద్దాం. ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 909 మంది ఉద్యోగినులను ప్రశ్నించి, 2004లో ఒక పరిశోధన ప్రచురించారు. నిన్నటి రోజున ఏయే పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందో చెప్పమని వారిని అడిగారు. భోజనం, స్నేహితులతో గడపడం, వంట, ఇంటిపని, ఉద్యోగం - ఇలా అన్నిటినీ వరుసగా పేర్చి చూస్తే, ఉదయంపూట ఉద్యోగానికి చేసే ప్రయాణం అన్నిటికంటె అడుగున నిలిచింది. ఉద్యోగంలోని శ్రమ కన్నా ఆ ఉద్యోగానికి చేరుకోవడమే వారికి ఎక్కువ కష్టంగా తోచిందన్నమాట.

దీనికి కారణం దూరం మాత్రమే కాదు. ప్రయాణానికి రోజూ గంట పడుతుందని తెలిస్తే గంట ముందు బయలుదేరుతాం. ఆ గంటకు అలవాటు పడతాం. కాని ఒకరోజు అరగంట, మరొకరోజు గంటన్నర పడితే ఏం చేయాలి? పరీక్ష రాయవలసినవాడు, రోగిని చూడవలసిన వైద్యుడు ప్రతిరోజూ గంటన్నర కేటాయించుకోక తప్పదు. రద్దీ మన నుండి దోచుకొనేది దారిలో గడిచిన కాలాన్ని మాత్రమే కాదు. ఆలస్యమవుతుందేమోనన్న భయంతో మనం ముందుగానే తీసి పక్కన పెట్టిన కాలాన్ని కూడా. దానికి తోడు నిస్సహాయత. వంటలో ఉప్పు ఎక్కువైతే దిద్దుకోవచ్చు. పనిలో తప్పు జరిగితే సరిచేయవచ్చు. ఆగిపోయిన వాహనాల బారులో మనం చేయగలిగింది ఏదీ లేదు. చేయగలిగింది లేని చోట కోపం పుడుతుంది. ఆ కోపం పక్క వాహనం మీదికో, కండక్టరు మీదికో, ఇల్లు చేరిన తరువాత ఇంట్లోవారి మీదికో పోతుంది.

మరి రద్దీ ఎలా పుడుతుంది? రోడ్డు మీద ప్రమాదమో, మరమ్మతో, ఊరేగింపో ఉంటేనే వాహనాలు ఆగిపోతాయని అనుకొంటాం. కాని ఏ అడ్డంకీ లేకుండానే బారులు ఏర్పడతాయని జపాను శాస్త్రవేత్తలు ఒక ప్రయోగంలో చూపించారు. 230 మీటర్ల చుట్టుకొలత గల వృత్తాకారపు బాట మీద 22 కార్లను నిలిపి, అందరూ ఒకే వేగంతో నడపండని చెప్పారు. కొంతసేపు అన్నీ చక్కగా సాగాయి. తరువాత ఎవరో ఒకరు కొంచెం వేగం తగ్గించారు. వెనుకవారు ఇంకొంచెం ఎక్కువగా తగ్గించారు. ఆ వెనుకవారు ఏకంగా ఆగిపోయారు. కార్లు ముందుకు పోతూనే ఉన్నాయి. ఆగడమనే కెరటం మాత్రం వెనక్కి ప్రయాణం చేసింది. కూడలి లేదు, దీపం లేదు, గుంట లేదు, ఎవరి తప్పూ పెద్దగా లేదు. ఇరుకు చోటులో ఎక్కువ వాహనాలు చేరడమే కారణం. 2008లో ప్రచురితమైన ఈ ప్రయోగం ఒక సత్యాన్ని కళ్ళకు కట్టింది. రద్దీ అంటే మనం చిక్కుకొనే వల మాత్రమే కాదు. మనమందరం కలిసి నేసే వల.

అలాగైతే రోడ్లు వెడల్పు చేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఆంథనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త 1962లోనే దీనికి సమాధానం చెప్పాడు. కొత్త రోడ్డు వేసిన మొదట్లో ప్రయాణం సుఖంగా ఉంటుంది. ఆ సుఖాన్ని చూసి, అంతవరకు వేరే దారిలో వెళ్ళేవారు ఈ దారికి వస్తారు. వేరే వేళలో వెళ్ళేవారు ఈ వేళకు మారతారు. బస్సులో వెళ్ళేవారు సొంత వాహనం కొంటారు. కొంతకాలానికి కొత్త రోడ్డు కూడా పాత రోడ్డులాగే నిండిపోతుంది. చెరువు గట్టు తెంపి కాలువ వెడల్పు చేసినంత మాత్రాన నీరు పలుచబడదు. మరింత నీరు వస్తుంది. మన నగరాలలో పైవంతెన కట్టిన కూడలి తేలికపడి, దాని తరువాతి కూడలి బరువెక్కడం మనం చూస్తూనే ఉన్నాం.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. ఒక బస్సులో అరవైమంది ప్రయాణం చేస్తున్నారనుకొందాం. ఆ అరవైమందీ కార్లలో వెళితే, ఒక్కొక్క కారులో సగటున ఒకటిన్నర మంది చొప్పున నలభై కార్లు కావాలి. కారు పొడవు నాలుగు మీటర్లు, కారుకు కారుకు మధ్య ఎడం రెండు మీటర్లు అనుకొంటే, ఆ నలభై కార్లు 240 మీటర్ల దారిని ఆక్రమిస్తాయి. అవి నిలబడి ఉన్నప్పుడు పట్టే చోటు అంత. కదిలేటప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. బస్సుకు పట్టేది పన్నెండు మీటర్లు. సుమారు మూడు మీటర్ల వెడల్పు గల ఒక వరుసలో గంటకు ఎందరిని చేరవేయవచ్చునో పట్టణ రవాణా నిపుణులు లెక్క కట్టారు. ప్రధానంగా కార్లే నడిచే వరుసలో 600 నుండి 1,600 మంది. బస్సులకే ప్రత్యేకించిన వరుసలో 4,000 నుండి 8,000 మంది. పూర్తిగా ప్రత్యేకమైన బాట మీద పెద్ద బస్సులో, ట్రాములో నడిపితే 10,000 నుండి 25,000 మంది. రోడ్డు అదే, వెడల్పు అదే. మారింది దాని మీద ఏది నడవాలన్న నిర్ణయం ఒక్కటే.

ఈ లెక్క తెలిసిన తరువాత ట్రాము వైపు చూడాలి. ట్రాము అంటే వీధిలో నడిచే రైలు. రైలు పట్టాలు నేలకు పైన ఉంటాయి. ట్రాము పట్టాలు నేలలో ఇమిడి, రోడ్డుతో సమంగా ఉంటాయి. అందువల్ల వాటి మీదుగా మనుషులు నడవవచ్చు, వాహనాలు దాటవచ్చు. పైన సాగే తీగనుండి విద్యుత్తు బండిలోని మోటారుకు చేరి, చక్రాల ద్వారా పట్టాలలోకి దిగి తిరిగిపోతుంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు రెండింటికీ మధ్య తాకిడి చిన్న నాణెమంత మేరకే ఉంటుంది. కాబట్టి దొర్లుడుకు కలిగే ఆటంకం, రబ్బరు టైరు రోడ్డు మీద దొర్లేటప్పటి కన్నా చాలా తక్కువ. విద్యుత్తు లేని కాలంలో గుర్రాలు కూడా మామూలు బండి కన్నా పట్టాల మీది బండిలో ఎక్కువమందిని లాగగలిగింది ఇందుకే. ట్రాము వెళ్ళిన వీధిలో పొగ ఉండదు. పెట్టెకు పెట్టె తగిలించి ఒకే చోదకునితో వందలమందిని చేరవేయవచ్చు.

ఈ శాస్త్ర విషయాలకు మించిన ఆకర్షణ మరొకటి ఉంది. కొత్త ఊరిలో బస్సు ఎటు పోతుందో మనకు తెలియదు. ట్రాము ఎటు పోతుందో మాత్రం పట్టాలే చెబుతాయి. బస్సు మార్గం కాగితం మీది గీత, రేపు మారవచ్చు. పట్టా నేల మీది గీత. అంత సులభంగా మారదు. ఈ దారిలో రేపు కూడా బండి వస్తుందని నగరం తన పౌరులకు ఇచ్చిన మాట అది. అనిశ్చయమే రద్దీలోని అసలు బాధ అయినప్పుడు, నిశ్చయాన్ని కళ్ళకు చూపించే వాహనం మనసుకు నచ్చడంలో వింత లేదు.

మన దేశంలో ట్రాము చరిత్ర కలకత్తాలో మొదలయింది. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుండి హుగ్లీ తీరంలోని ఆర్మేనియన్ ఘాట్ వరకు గుర్రపు ట్రాము నడిచింది. తగినంత ఆదాయం లేక అదే సంవత్సరం నవంబరులో ఆగిపోయింది. 1880లో ఏర్పడిన కొత్త కంపెనీ మళ్ళీ పట్టాలు వేసి బండ్లను నడిపింది. బొంబాయిలో 1874లో గుర్రపు ట్రాములు వచ్చాయి.

విద్యుత్ ట్రాము విషయంలో మాత్రం మన దేశంలో ముందడుగు వేసిన నగరం మద్రాసు. 1895 మే 7న అక్కడ విద్యుత్ ట్రాములు ప్రారంభమయ్యాయి. లండను నగరంలో అవి ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది 1901లో. 1921 నాటికి మద్రాసులో 24 కిలోమీటర్ల పట్టాల మీద 97 బండ్లు తిరిగేవి. మద్రాసు అప్పటి ఉమ్మడి రాష్ట్రానికి రాజధాని కనుక చదువుకో, ఉద్యోగానికో, వ్యాపారానికో, పత్రికలలోనో సినిమాలలోనో పనికో చెన్నపట్నం వెళ్ళిన తెలుగువారికి ట్రాము కొత్తది కాదు. ఆ ట్రాము నడిపిన కంపెనీ నష్టాలలో కూరుకుపోయి 1953 ఏప్రిల్ 12న సేవలు ముగించింది. అదే సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఆ విధంగా తెలుగువారు మద్రాసు రాజధానికి దూరమైన ఏడాదే మద్రాసు వీధులకు ట్రాము దూరమయింది. తరువాత 1963లో ఢిల్లీలోను, 1964 మార్చి 31న బొంబాయిలోను ట్రాములు ఆగిపోయాయి. మిగిలింది కలకత్తా ఒక్కటే.

కలకత్తాలో 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుండి ఖిదిర్‌పూర్ వరకు మొదటి విద్యుత్ ట్రాము నడిచింది. అప్పటినుండి ఆ నగరపు బ్రతుకుతో ట్రాము పెనవేసుకొంది. 1943లో హౌరా వంతెన తెరిచినప్పుడు దాని మీదుగా మొదట వెళ్ళినది ఒక ట్రామే. బండికి రెండు పెట్టెలు ఉండేవి. ముందు పెట్టె మొదటి తరగతి, వెనుక పెట్టె రెండవ తరగతి. 1953 జులైలో కంపెనీ రెండవ తరగతి ఛార్జీని ఒక్క పైసా పెంచింది. ఆ ఒక్క పైసాకు నగరం భగ్గుమంది. జనం ఛార్జీ ఇవ్వడానికి నిరాకరించారు. ఆందోళనలు, నిర్బంధాలు సాగాయి. చివరకు పెంపు రద్దయింది. కూలివాడికీ చిన్న ఉద్యోగికీ ట్రాము ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. సత్యజిత్ రాయ్ 1963లో తీసిన 'మహానగర్' చిత్రం, ట్రాము కప్పు మీది కర్ర పై తీగను ఒరుసుకొంటూ సాగే దృశ్యంతో మొదలవుతుంది. ఇంటి అవసరం కోసం మొదటిసారి ఉద్యోగానికి గడప దాటిన ఒక మధ్యతరగతి ఇల్లాలి కథ అది. ఆ కథకు ట్రాము కన్నా తగిన ప్రవేశద్వారం దొరకదు.

ఇంతటి అనుబంధం ఉన్న నగరంలో ట్రాము ఎందుకు క్షీణించింది? చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ట్రాము నెమ్మది బండి. అది వాహనాలకు అడ్డం." ఈ మాటలో నిజం లేకపోలేదు. కాని ఆ నిజం ఎలా తయారయిందో చూడాలి. ఒకప్పుడు కలకత్తాలోని అనేక విశాల వీధులలో ట్రాముకు వీధి నడుమ ప్రత్యేకమైన బాట ఉండేది. పచ్చగడ్డి మధ్య పట్టాలు, ఇరువైపులా కార్లకు, బస్సులకు వేరే దారి. కార్లు ఆగిపోయినా ట్రాము ఆగేది కాదు. వాహనాల సంఖ్య పెరిగిన కొద్దీ ఈ ప్రత్యేక బాటలను క్రమంగా తొలగించి, కాంక్రీటు వేసి, అన్ని వాహనాలకు తెరిచారు. దానితో ట్రాము కూడా కార్ల బారులో చిక్కుకొంది. కారు పక్కకు తప్పుకొని పోగలదు. ట్రాముకు ఆ వీలు లేదు. ఎక్కవలసిన ప్రయాణికుడు కదిలే వాహనాల మధ్యనుండి ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని వీధి నడుమకు పోవలసి వచ్చింది. వృద్ధులు, పిల్లలు మానుకొన్నారు. ఎక్కేవారు తగ్గారు కనుక బండ్లు తగ్గించారు. బండ్లు తగ్గాయి కనుక ఎదురుచూపు పెరిగింది. ఎదురుచూపు పెరిగింది కనుక ఎక్కేవారు ఇంకా తగ్గారు. 1993లో హౌరా వంతెన మీద ట్రాములు ఆగిపోయాయి. తరువాత ఒక్కొక్క మార్గమే మూతపడింది. 2023లో నూట యాభై ఏళ్ళ పండుగ జరుపుకొన్న ట్రాము మైదాన్ - ఎస్ప్లనేడ్ మధ్య వారసత్వ చిహ్నంగా మాత్రమే ఉంటుందని, తక్కిన మార్గాలు ఆపివేస్తామని పశ్చిమ బెంగాల్ రవాణా మంత్రి 2024 సెప్టెంబరులో ప్రకటించారు. ట్రాము ప్రేమికులు నిరసన తెలిపారు. ట్రాముల భవిష్యత్తు కలకత్తా హైకోర్టు విచారణలోకి కూడా వచ్చింది.

ప్రభుత్వ వాదనను తేలికగా తీసిపారవేయరాదు. కోల్‌కతా విస్తీర్ణంలో రోడ్లకు ఉన్న చోటు సుమారు ఆరు శాతమే. అంత ఇరుకులో ట్రాముకూ వాహనాలకూ చోటు చాలడం లేదని అధికారుల మాట. కాని ఇదే అంకెను మరొక విధంగా కూడా చదవవచ్చు. చోటు తక్కువగా ఉన్నప్పుడు, తక్కువ చోటులో ఎక్కువమందిని మోసే వాహనాన్ని ముందు ఉంచాలా, ఎక్కువ చోటులో తక్కువమందిని మోసే వాహనాన్ని ముందు ఉంచాలా? ఇంట్లో బియ్యం కొద్దిగా ఉన్నప్పుడు పదిమందికి సరిపోయే జావ కాస్తామా, ఇద్దరికి సరిపోయే విందు చేస్తామా?

ఈ ప్రశ్నకు వేరుగా సమాధానం చెప్పిన నగరాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ అందులో ఒకటి. ఇరవయ్యవ శతాబ్దం మధ్యకాలంలో ప్రపంచమంతటా నగరాలు పట్టాలు పీకి పారేస్తున్నప్పుడు ఆ నగరం తన ట్రాములను నిలుపుకొంది. నేడు అక్కడ సుమారు 250 కిలోమీటర్ల మార్గం ఉంది. ప్రపంచంలో ఒక నగరంలో నడిచే ట్రాము వ్యవస్థలలో అదే అతి పెద్దది. అక్కడి రెండు నియమాలు మనం తెలుసుకోదగినవి. ప్రయాణికులు వీధిలోకి దిగవలసిన చోట ట్రాము ఆగితే, దాని వెనుక వచ్చే వాహనాలన్నీ ఆగాలి. ఎక్కేవారు ఎక్కి, దిగేవారు దిగి దాటేవరకు కదలరాదు. రెండవది ఇంకా విచిత్రమైనది. ఆస్ట్రేలియాలో మనలాగే వాహనాలు ఎడమ వైపున నడుస్తాయి. కుడి వైపుకు తిరగవలసిన కారు సాధారణంగా వీధి నడుమకు వచ్చి ఆగుతుంది. మెల్‌బోర్న్ నగర కేంద్రంలోని అనేక కూడళ్ళలో అలా ఆగరాదు. అక్కడ ట్రాము పట్టాలు ఉంటాయి. కనుక కుడికి తిరగవలసినవాడు ఎడమ అంచుకు వెళ్ళి, దీపం మారేవరకు వేచి ఉండి, అప్పుడు తిరగాలి. ఒక కారులోని ఒక మనిషి కొంత చుట్టు తిరిగితే, ట్రాములోని వందమంది ఆగకుండా సాగిపోతారు. ఇది యంత్రం సాధించిన ఘనత కాదు. నియమం సాధించిన ఘనత. అయినప్పటికీ మెల్‌బోర్న్‌లో కూడా మార్గంలో ఎక్కువ భాగాన్ని ట్రాములు కార్లతో పంచుకోవలసిందే. అటువంటి చోట్ల అవి నెమ్మదిగానే నడుస్తాయి. ప్రత్యేకమైన బాట లేని ట్రాము ఏ దేశంలోనైనా కుంటుతుందని దీనివల్ల తెలుస్తుంది.

రెండవ ఉదాహరణ ఫ్రాన్సు దేశానిది. అక్కడ దాదాపు అన్ని నగరాలు ట్రాములను వదులుకొన్నాయి. నాంత్ నగరం 1958లో ఆపివేసి, 1985లో మళ్ళీ మొదలు పెట్టింది. 1960లో ట్రాములను మాన్పించిన స్ట్రాస్‌బర్గ్ నగరంలో 1989 పురపాలక ఎన్నికలలో ఇదే పెద్ద చర్చ అయింది. భూగర్భంలో చిన్న మెట్రో వేయాలని ఒక వర్గం, వీధి మీదనే ట్రాము నడపాలని మరొక వర్గం. సొరంగంలో రైలు వేస్తే పైన కార్ల దారికి అడ్డు ఉండదు కనుక కొందరికి అది నచ్చింది. ట్రాము అంటే కార్లనుండి కొంత చోటు తీసుకోవడమే కనుక కొందరు భయపడ్డారు. ట్రామును సమర్థించిన కాథరీన్ ట్రాట్‌మన్ గెలిచి మేయరు అయ్యారు. నగరం నడిబొడ్డున ఉన్న క్లెబర్ మైదానం గుండా పోయే కార్లను మళ్ళించి, ఆ చోటును పాదచారులకు ఇచ్చారు. 1994లో పెద్ద కిటికీలతో, వీధితో సమానమైన ఎత్తు గల నేలతో కొత్త ట్రాములు వచ్చాయి. చక్రాల కుర్చీలో ఉన్నవారు, బిడ్డను తోపుడు బండిలో తెచ్చుకొన్న తల్లి ఎవరి సాయమూ లేకుండా ఎక్కగలిగారు. తరువాత ఫ్రాన్సులోని మరెన్నో నగరాలు ఇదే బాట పట్టాయి.

ఇంత చెప్పినంత మాత్రాన ట్రాము సర్వరోగ నివారిణి అని భావించరాదు. దానికి లోపాలు ఉన్నాయి. పట్టాలు, తీగలు, విద్యుత్ కేంద్రాలు వేయడానికి బస్సుల కన్నా ఎంతో ఎక్కువ ధనం కావాలి. దారిలో ఒక బండి చెడిపోతే వెనుక బండ్లన్నీ ఆగిపోతాయి. ఉక్కు మీద ఉక్కు సులభంగా దొర్లుతుంది. అదే కారణంగా త్వరగా ఆగదు. వానకాలంలో తడిసిన పట్టా మీద ద్విచక్ర వాహనాలు జారతాయి; పట్టా పక్క సందులో సైకిలు చక్రం ఇరుక్కొంటుంది. ప్రయాణికులు తక్కువగా ఉన్న మార్గంలో ట్రాము వేయడం దండుగ. అటువంటి చోట బస్సే మేలు. దూర ప్రయాణానికి మెట్రో రైలు మేలు. ఏ వాహనం మంచిదన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఏ వీధికి ఏది తగినదన్నదే సరైన ప్రశ్న.

మన హైదరాబాదు నగరంలో ట్రాములు ఎన్నడూ నడవలేదు. నిజాం రాష్ట్ర రైల్వే ఆధ్వర్యంలో 1932లో 27 బస్సులతో ఆరంభమైన ప్రజా రవాణా క్రమంగా ఎదిగింది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు, 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చాయి. 2020 నాటికి మూడు దారులలో 69 కిలోమీటర్ల మెట్రో మార్గం పూర్తయింది. మెట్రో ఎక్కినవారు రద్దీ వేళలో కూడా చెప్పిన సమయానికి చేరుకొంటున్నారు. కారణం ఏమిటి? దాని వేగం ఒక్కటే కాదు; దాని దారిలో మరొకటి అడ్డు రాకపోవడం. అంటే ఒకప్పుడు కలకత్తా ట్రాముకు ఉండి, తరువాత పోయిన ప్రత్యేక బాటను మనం స్తంభాల మీద కట్టుకొన్నాం. కాని ప్రతి వీధిలోనూ స్తంభాలు లేపలేము. మెట్రో లేని వీధులలో లక్షలమందిని మోసేది బస్సే. ఆ బస్సు మాత్రం ఈనాటికీ కార్ల బారులో చివర నిలబడే ఉంది. ట్రాము కథ మనకు చెప్పే నీతి ఇక్కడే పనికివస్తుంది. పట్టాలు లేకపోయినా ఫరవాలేదు. ఎక్కువమందిని మోసే వాహనానికి మొదటి హక్కు అన్న సూత్రం ఉంటే చాలు. ఒక గీత గీసి, ఆ గీతను అందరూ గౌరవిస్తే బస్సు కూడా ట్రాము కాగలదు.

ఆ గీతను గౌరవించడంలోనే అసలు కష్టం ఉంది. బస్సు వరుస ఖాళీగా కనబడగానే మన బండి అటు తిప్పాలని మనసు పీకుతుంది. "నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?" అనుకొంటాం. వృత్తాకారపు బాట మీది ఆ 22 కార్లలో మొదట వేగం తగ్గించినవాడు కూడా ఒక్కడే. కలకత్తా ట్రాము బాట మీదికి మొదట ఎక్కిన కారు కూడా ఒక్కటే అయి ఉంటుంది. రద్దీని తిట్టే ప్రతి మనిషీ ఆ రద్దీలో ఒక భాగమే. ఈ ఎరుక కలిగిననాడు విసుగు కొంత తగ్గి, ఆలోచన మొదలవుతుంది.

రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు అధికారులవుతారు, కొందరు ప్రజాప్రతినిధులవుతారు. అందరూ ఓటర్లవుతారు, చాలామంది వాహనదారులవుతారు. వీధి వెడల్పు ఇంత అని కాగితం మీద గీత గీసేటప్పుడు, దానిమీద వాహనాలు ఎన్ని పోతాయని కాక మనుషులు ఎందరు పోతారని లెక్కించండి. కూడలిలో బస్సు కనబడినప్పుడు అది ఒక అడ్డంకి అని కాక అరవైమంది అని చూడండి. మెట్టు మీద నిలబడి గంట చూసుకొంటున్న విద్యార్థి అందులో ఉన్నాడు. తాళం వేసిన ఇంటి ముందు కూర్చున్న బిడ్డను తలచుకొంటున్న తల్లి అందులో ఉంది. వారికి దారి ఇవ్వడం దయ కాదు. రహదారి వారిది కూడా.